క్లచ్ సెట్ మార్చేటప్పుడు ఏది కడగాలి, ఏది తుడవాలి, గ్రీజు ఎక్కడ పెట్టాలి

సాయంత్రం ఏడింటికి సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్లి వైపు పాకే కారులో గంటసేపు తొక్కే క్లచ్, అనంతపురం హైవే మీద రోజంతా నడిపినా తొక్కాల్సి రాదు. అందుకే హైవే కారుకు లక్ష కిలోమీటర్లు దాటినా నిలిచే క్లచ్ ప్లేట్ బెంగళూరు ట్రాఫిక్‌లో చాలా ముందే అరిగిపోతుంది. అరగడం దాని పని, అందులో వింత లేదు. కానీ కొత్త సెట్ వేసిన ఆరు నెలలకే బండి ఎత్తేటప్పుడు అదరడం, జారడం, పెడల్ బిగుసుకోవడం మొదలైతే మాత్రం తప్పు పార్ట్‌ది కావడం అరుదు. లోపల గ్రీజు ఎక్కువై ఉంటుంది, లేదా శుభ్రత తక్కువై ఉంటుంది. కొత్త ప్లేట్ బిగించడం ఏ మెకానిక్‌కైనా వచ్చు. పాతది తీసిన తర్వాత, కొత్తది పెట్టే ముందు చేసే పనే క్లచ్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుస్తుంది.

ఇక్కడ చెప్పేది ముందు చక్రాలు లాగే మాన్యువల్ గేర్ చిన్న కార్ల గురించి. స్వయంగా చేసుకునేవాళ్లకీ, గ్యారేజీలో పక్కన నిలబడి చేయించుకునేవాళ్లకీ పనికొస్తుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

గేర్‌బాక్స్ దించక తప్పదా?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదు. క్లచ్ పనిలో పెద్ద ఖర్చు గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలి. అది అవసరమో కాదో ముందు తేల్చుకోవాలి.

జారుడు పరీక్షతో మొదలుపెట్టండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు, ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, బండి వేగం మాత్రం వెనకబడితే క్లచ్ జారుతోంది. అలాగని వెంటనే ప్లేట్ పోయిందని తీర్మానించకండి. కేబుల్ బిగుతుగా ఉండి ఫ్రీ ప్లే (పెడల్ తొక్కగానే ముందుగా వచ్చే ఖాళీ కదలిక) సున్నా అయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ముందు కేబుల్ నట్ వదులు చేసి మళ్లీ చూడండి.

విడిపోయే పరీక్షకు ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబుల్ సాగడం, హైడ్రాలిక్‌లో (కేబుల్ బదులు ద్రవంతో పనిచేసే ఏర్పాటులో) గాలి చేరడం, ప్లేట్ వంగడం, స్ప్లైన్ (ప్లేట్ జరిగే షాఫ్ట్ మీది పళ్లు) తుప్పు పట్టడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మొదటి రెండూ బయటి నుంచే సరిచేయొచ్చు.

శబ్దం విషయంలో చాలామంది పొరబడతారు. న్యూట్రల్‌లో పెడల్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమని, తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ ప్లేట్ ఎక్కే కడ్డీ) బేరింగ్. క్లచ్ సెట్ మార్చినా ఆ శబ్దం పోదు. తొక్కినప్పుడే మొదలయ్యే శబ్దం, క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగ్‌ది.

ఇక బండి ఎత్తేటప్పుడు అదరడం. దీనికి ముందు ఇంజిన్ మౌంట్లు, గేర్‌బాక్స్ మౌంటు చూడాలి. రబ్బరు చిరిగిన మౌంట్ కూడా అచ్చం క్లచ్ లాగే అదిరిస్తుంది. పెడల్ బరువెక్కడానికి కేబుల్ ఒక కారణమైతే, అరిగిన ప్లేట్ ఇంకొకటి. ప్లేట్ పలచబడేకొద్దీ దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రం (గుండ్రటి రేకు స్ప్రింగు) వేళ్లు వెనక్కి లేస్తాయి, వాటిని నొక్కడానికి కాలి బలం ఎక్కువ కావాలి. కొత్త కేబుల్ వేసినా పెడల్ బరువు తగ్గకపోతే లోపల చూడాల్సిందే.

కొనే ముందు

బెంగళూరులో జేసీ రోడ్డు, కలాసిపాళ్యం చుట్టుపక్కల స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో కారు పేరు చెప్పగానే డబ్బా తెచ్చి పెడతారు. పేరు ఒక్కటే చాలదు. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి ప్లేట్ వ్యాసం, స్ప్లైన్ పళ్ల సంఖ్య మారతాయి. ఆర్సీలోని చాసిస్ నంబర్, తయారైన నెల, ఏడాది చెప్పి పార్ట్ నంబర్ రాయించుకోండి. వీలుంటే గేర్‌బాక్స్ దించాక పాత ప్లేట్ పట్టుకుని వెళ్లడం ఇంకా మేలు. ఊళ్లో పని చేయించుకోవడంలో ఇదొక సౌకర్యం, ఆటో ఎక్కితే దుకాణం దొరుకుతుంది.

కంపెనీ జెన్యూన్ పార్ట్ కాకుండా బయటి బ్రాండ్ తీసుకుంటే వాలియో, లుక్, ఎక్సెడీ లాంటివి సెట్‌గా దొరుకుతాయి. వీటిలో లుక్ పక్కనే హోసూరులో తయారవుతుంది. డబ్బాకు సీల్, ఎమ్మార్పీ స్టిక్కర్, లోపల పార్ట్ మీద అచ్చు నంబర్ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. నకిలీ ప్లేట్‌కు రివెట్లు వంకరగా ఉంటాయి, లైనింగ్ (ప్లేట్ మీది రాపిడి పొర) అంచులు పొడిపొడిగా రాలతాయి. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తామంటే ఆ సగం కూడా దండగే.

పాత ప్లేట్‌కు కొత్త లైనింగ్ కొట్టించడం ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. లారీలకు ఏమో గానీ చిన్న కారుకు అది లాభసాటి బేరం కాదు. హబ్ (ప్లేట్ నడిమి భాగం) స్ప్రింగులు, మధ్యలోని అలల రేకు కూడా అరిగే ఉంటాయి, వాటిని ఎవరూ మార్చరు.

సెట్ అంటే మూడు: క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. మూడూ కలిపే మార్చాలి. వీటితోపాటు క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) వెనక ఆయిల్ సీల్, ఇన్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్, రెండు యాక్సిల్ సీళ్లు, ఫ్లైవీల్ (క్లచ్ ప్లేట్ ఆనే ఇంజిన్ చక్రం) మధ్యలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగ్ ఉండే ఇంజిన్ అయితే అదీ తెచ్చుకోండి. కేబుల్ క్లచ్ అయితే కొత్త కేబుల్ కావాలి. హైడ్రాలిక్ అయితే డాట్ 4 ఫ్లూయిడ్ అర లీటరు, బేరింగ్, స్లేవ్ సిలిండర్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో బేరింగ్‌ను నెట్టేది) ఒకే ముక్కగా లోపలే ఉండే రకమైతే ఆ ముక్క మొత్తం కొనాలి. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కొసలకు కొత్త సర్‌క్లిప్‌లు (పట్టి ఉంచే రింగులు) అవసరం. గేర్ ఆయిల్ చిన్న కార్లలో సాధారణంగా రెండు నుంచి మూడు లీటర్లు పడుతుంది. సర్వీస్ మాన్యువల్ జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడు) అంటే జీఎల్-4 మాత్రమే పోయండి. జీఎల్-5లో గంధకం మోతాదు ఎక్కువ, గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు అది పడకపోవచ్చు.

సరంజామాగా ఒక బ్రేక్ క్లీనర్ స్ప్రే, నూలు పోగులు రాలని గుడ్డలు, 120, 180 నంబర్ ఎమరీ షీట్లు, చిన్న వైర్ బ్రష్, స్ప్లైన్ గ్రీజు, క్లచ్ అలైన్‌మెంట్ టూల్, టార్క్ రెంచ్ ఉండాలి. టూల్స్ ఎస్‌జేపీ రోడ్డులో దొరుకుతాయి. గ్రీజు మొత్తం పది గ్రాముల ప్యాకెట్ చాలు, అందులోనూ సగం మిగలాలి.

దించడం

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో జాకీ మీద ఈ పని పెట్టుకోకండి. చిన్న కారు గేర్‌బాక్స్ కూడా 30 కిలోలకు పైనే తూగుతుంది. ఛాతీ మీద పెట్టుకుని ఎక్కించే బరువు కాదది. కనీసం నాలుగు స్టాండ్లు, గేర్‌బాక్స్ జాకీ, ఇద్దరు మనుషులు కావాలి.

ముందు బయటి శుభ్రత. గేర్‌బాక్స్ చుట్టూ, బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్‌కు ముందు క్లచ్‌ను కప్పే గంట ఆకారపు భాగం) అతుకు చుట్టూ ఎర్రమట్టి, సిమెంటు దుమ్ము, పాత ఆయిల్ కలిసి అట్టకట్టి ఉంటాయి. దించే ముందు రోజే నీళ్లతో కడిగించి ఆరనివ్వండి. ఆరకుండా విప్పితే ఆ బురద నేరుగా క్లచ్ మీద పడుతుంది.

బ్యాటరీ నెగెటివ్ తీసి, బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తొలగించండి. రివర్స్ లైట్ స్విచ్, స్పీడ్ సెన్సర్ కనెక్టర్లు ఊడదీసి ఫోటో తీసుకోండి. గేర్ కేబుళ్లు, క్లచ్ కేబుల్ విప్పండి. కేబుల్ నట్ బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో గుర్తు పెట్టుకుంటే తర్వాత తేలికవుతుంది. హైడ్రాలిక్ అయితే పైపు మూతికి వెంటనే టోపీ పెట్టండి, ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే తినేస్తుంది.

గేర్ ఆయిల్ దించేటప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతం చూడండి. బూడిద రంగు పేస్టు ఉండటం మామూలే. గోరంత ఇనుప ముక్కలు ఉంటే గేర్‌బాక్స్ కూడా తెరవాల్సిందే, క్లచ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే పని సగమే అవుతుంది.

లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విప్పి చక్రం హబ్‌ను పక్కకు జరిపితే చాలా కార్లలో హబ్ నట్ ముట్టకుండానే డ్రైవ్ షాఫ్ట్ బయటకు వస్తుంది. షాఫ్ట్ కడ్డీ పట్టుకుని లాగకూడదు. లాగితే లోపలి జాయింట్ బూట్‌లోనే విడిపోతుంది. గేర్‌బాక్స్‌కు ఆనుకుని ఉన్న జాయింట్ గిన్నె దగ్గర ప్రై బార్ పెట్టి ఒక్క పోటు వేస్తే సర్‌క్లిప్ వదులుతుంది.

స్టార్టర్ మోటార్ విప్పి పక్కకు కట్టండి. ఇంజిన్‌ను పై నుంచి దూలానికి వేలాడదీయండి, లేదా కింద ఆయిల్ పాన్‌కు చెక్క అడ్డం పెట్టి జాకీ ఆనించండి. చెక్క లేకుండా ఆనిస్తే పాన్ సొట్ట పడుతుంది. ఆ తర్వాతే మౌంట్ విప్పాలి. బెల్‌హౌసింగ్ బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడవు ఉంటుంది. అట్టముక్క మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడవు బోల్టును పొట్టిదాని రంధ్రంలో తిప్పి అల్యూమినియం పగలగొట్టిన గేర్‌బాక్స్‌లకు కొదవ లేదు.

అతుకు విడిపోయాక ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా బయటకు వచ్చేవరకు గేర్‌బాక్స్ బరువు జాకీ మీదే ఉండాలి. షాఫ్ట్ మీద వేలాడిందంటే ప్లేట్ హబ్ వంగిపోతుంది. పాత ప్లేట్‌కు వంగితే నష్టం లేదు కానీ, ఎక్కించేటప్పుడు ఇదే జరిగితే కొత్త ప్లేట్ మొదటి రోజే పాడవుతుంది.

పాత భాగాలను చదవడం

విప్పగానే తుడవకండి. ముందు చూడండి. పాత ప్లేట్ మీదా, హౌసింగ్ లోపలా ఉన్న ఆనవాళ్లే అసలు జబ్బు చెబుతాయి. ఆదరాబాదరా బ్రేక్ క్లీనర్ కొడితే సాక్ష్యం కొట్టుకుపోతుంది.

దుమ్ముతో జాగ్రత్త. కంప్రెసర్ గాలి కొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకు విషం. పీ100 ఫిల్టర్ ఉన్న మాస్క్ వేసుకుని (మామూలు ఎన్95 దీనికి చాలదు), తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. గ్యారేజీలో గాలి గొట్టం ఎత్తబోతే మొహమాటం లేకుండా ఆపండి.

ప్లేట్ మీద రివెట్ తల నుంచి లైనింగ్ పైభాగానికి లోతు కొలవండి. 0.5 మి.మీ. కన్నా తగ్గితే అది అయిపోయినట్టే. రెండు వైపులా సమానంగా అరిగితే మామూలు అరుగుదల. ఒకవైపే అరిగితే ప్లేట్ స్ప్లైన్ మీద సాఫీగా జరగడం లేదని అర్థం.

తడి కనబడితే అది ఏ ఆయిల్ అన్నది ముఖ్యం. నల్లగా, పలచగా, ఫ్లైవీల్ వెనక నుంచి జారినట్టు ఉంటే ఇంజిన్ ఆయిల్. అంటే క్రాంక్ వెనక సీల్ పోయింది. చిక్కగా, ఘాటైన గంధకం వాసనతో, బెల్‌హౌసింగ్ గేర్‌బాక్స్ వైపు తడిగా ఉంటే అది గేర్ ఆయిల్. ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయింది. హబ్ చుట్టూ చక్రంలా చిమ్మిన నల్లటి జిడ్డు మాత్రం ఆయిల్ కాదు, కిందటిసారి ఎవరో స్ప్లైన్‌కు ధారాళంగా పూసిన గ్రీజు.

ఫ్లైవీల్ మీద నీలం, ఊదా మచ్చలు వేడికి వచ్చినవి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉంటే ఇవి తప్పవు. డయాఫ్రం వేళ్ల కొసలకు గాడి పడిందా, వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా అని కూడా చూడండి. ఒక్క వేలు కిందికి దిగి ఉన్నా బండి అదురుతుంది.

కడగడం, తుడవడం

బెల్‌హౌసింగ్ లోపలి భాగాన్ని డీజిల్‌తో కడగొచ్చు, కానీ చివరికి బ్రేక్ క్లీనర్‌తో తుడిచి పొడిగా చేయాలి. మిగిలిన డీజిల్ చుక్క వేడికి ఆవిరై ప్లేట్ మీదే చేరుతుంది.

ఫ్లైవీల్ ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, 120 నంబర్ ఎమరీతో అడ్డదిడ్డంగా రుద్దండి, చివరికి 180తో ముగించండి. గుండ్రంగా ఒకే దిశలో రుద్దితే గ్రామఫోన్ రికార్డులా చారలు పడతాయి, కొత్త ప్లేట్ సర్దుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. గోరు తగిలేంత పగుళ్లు ఉంటే ఫ్లైవీల్ మార్చాలి. డయల్ గేజ్‌తో ముఖం వంకర చూస్తే చాలా చిన్న కార్లకు 0.2 మి.మీ. హద్దు. దాటితే లేత్ మీద కోయించాలి, అది కూడా కంపెనీ అనుమతించిన మందం వరకే. ప్రెషర్ ప్లేట్ కూర్చునే అంచు, రాపిడి ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉండే ఫ్లైవీల్ అయితే రెండింటినీ సమానంగా కోయాలి. ముఖం ఒక్కదాన్నే కోస్తే బిగింపు బలం తగ్గి కొత్త క్లచ్ జారుతుంది. డీజిల్ కార్లలో వచ్చే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల రకం) లేత్ ఎక్కించకూడదు. అది వదులైతే మార్చడమే. స్టార్టర్ పళ్ల చక్రం అరుగుదల కూడా ఇప్పుడే చూసుకోండి, మళ్లీ కనిపించదు.

కొత్త ప్రెషర్ ప్లేట్ డబ్బాలోంచి వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా పలచని నూనె పూత ఉంటుంది. దాని రాపిడి ముఖాన్ని బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవండి. మొత్తం ముక్కను ముంచి కడగకండి, లోపలి కీళ్ల దగ్గర కొద్దిగా ఉన్న గ్రీజు పోతుంది. కొత్త క్లచ్ ప్లేట్‌ను అసలు దేనితోనూ కడగకూడదు. అంచులు పట్టుకుని ఎత్తాలి. గ్రీజు చేతులతో లైనింగ్ ముట్టుకుంటే ఆ వేలిముద్ర చోటే మొదట పట్టు తప్పుతుంది.

రిలీజ్ బేరింగ్ సంగతి గట్టిగా చెప్పాలి. అది సీల్ చేసిన బేరింగ్, లోపల కంపెనీ పెట్టిన గ్రీజు ఉంటుంది. దాన్ని పెట్రోల్‌లోనో కిరోసిన్‌లోనో ముంచి కడిగే అలవాటు రోడ్డు పక్క షెడ్లలో ఇంకా ఉంది. కడిగితే లోపలి గ్రీజు కరిగి పోతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే కీచుమంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

సీళ్లు, పైలట్ బేరింగ్

క్రాంక్ వెనక సీల్ కారకపోయినా మార్చండి. సీల్ ఖరీదు వందల్లో, దాని కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించే కూలి వేలల్లో. ఫ్లైవీల్ విప్పేటప్పుడు దానికీ క్రాంక్‌కూ గుర్తు పెట్టుకోండి. పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో ఊడదీసేటప్పుడు క్రాంక్ మీద గీత పడకూడదు, పడితే ఎన్ని సీళ్లు మార్చినా కారుతుంది. రబ్బరు పెదవి సీల్ అయితే పెదవికి కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి నొక్కాలి. టెఫ్లాన్ రకమైతే పొడిగానే, దానితో వచ్చిన ప్లాస్టిక్ స్లీవ్ మీదుగా ఎక్కించాలి. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, డబ్బా మీది సూచన చదవండి. క్రాంక్ మీద పాత పెదవి గాడి కొట్టి ఉంటే కొత్త సీల్‌ను ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో నిలపండి.

పైలట్ బేరింగ్ తీయడానికి పుల్లర్ లేకపోతే పాత చిట్కా ఒకటి ఉంది. దాని రంధ్రంలోకి, వెనక ఖాళీలోకి గ్రీజు నిండుగా కూరి, రంధ్రానికి బిగుతుగా సరిపోయే గుండ్రటి ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. లోపలి గ్రీజు ఒత్తిడికి బేరింగ్ వెనక నుంచి నెట్టుకొస్తుంది. వచ్చాక ఆ గ్రీజు చివరి బొట్టు వరకు తుడిచేయాలి. ఇది మూసి ఉన్న రంధ్రాలకే పనిచేస్తుంది.

ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పెట్టేటప్పుడు స్ప్లైన్ పళ్ల మీద సన్నటి ప్లాస్టిక్ కవర్ చుట్టి సీల్ జార్చండి. పళ్ల అంచు తగిలి పెదవి చీలితే కళ్లకు కనిపించదు, నెల తర్వాత కారుతుంది.

గ్రీజు ఎంత, ఎక్కడ

స్ప్లైన్‌ను వైర్ బ్రష్‌తో రుద్ది, పళ్ల మధ్య తుప్పు, పాత గ్రీజు పూర్తిగా పోగొట్టి, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. క్లచ్ కంపెనీ ఇచ్చిన గ్రీజు కానీ, ఎక్కువ వేడి తట్టుకునే స్ప్లైన్ గ్రీజు కానీ పెసరగింజంత తీసుకుని పాత టూత్‌బ్రష్‌తో పళ్లన్నింటికీ అంటీ అంటనట్టు పాముకోండి. తర్వాత కొత్త ప్లేట్‌ను షాఫ్ట్ మీద రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరపండి. హబ్ అంచు దగ్గర పేరుకున్న గ్రీజును పొడి గుడ్డతో తుడిచేయండి. ఇక ఎక్కడా ముద్దగా కనిపించకూడదు. ఎక్కువైతే నిమిషానికి వేల చుట్లు తిరిగే ప్లేట్ దాన్ని లైనింగ్ మీదకే విసురుతుంది. అసలు పెట్టకపోతే ప్లేట్ షాఫ్ట్ మీద ఇరుక్కుని, గేర్లు గరగరమంటాయి.

రాగి గ్రీజు వాడకండి. అందులోని లోహపు రేణువులు పళ్ల మధ్య చేరి ప్లేట్‌ను జరగనివ్వవు. వీల్ బేరింగ్‌కు వాడే మామూలు గ్రీజు వేడికి కరిగి పారుతుంది. నికెల్ పూతతో వెండిలా మెరిసే హబ్ ఉంటే దానికి గ్రీజే వద్దు. పెట్టెలోని కాగితం ఆ మాట చెబుతుంది, అందుకే ఆ కాగితాన్ని పారేయకుండా చదవాలి.

గైడ్ ట్యూబ్ మీద రిలీజ్ బేరింగ్ జరిగే చోటు కూడా అంతే. బేరింగ్ లోపలి బుష్ ఇనుముదైతే ట్యూబ్‌కు సన్నటి పొర రాయండి. ప్లాస్టిక్‌దైతే పొడిగా వదిలేయండి, గ్రీజుకు దుమ్ము అంటుకుని ఇరుక్కుంటుంది. ట్యూబ్ మీద గాడి ఉంటే ట్యూబ్ మార్చాలి.

రిలీజ్ బేరింగ్‌ను నెట్టే ఫోర్క్ ఆనే పివట్ గుండుకు, బేరింగ్‌ను తాకే రెండు కొసలకు చిటికెడు మోలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజు. ఆల్టో తరహాలో ఫోర్క్ బదులు తిరిగే రిలీజ్ షాఫ్ట్ ఉంటే దాని రెండు బుష్‌లు తీసి చూడండి. ఆ షాఫ్ట్ తుప్పు పట్టి బిగుసుకుంటే కొత్త సెట్, కొత్త కేబుల్ వేసినా పెడల్ బరువు తగ్గదు. ఖర్చంతా పెట్టి పెడల్ అలాగే ఉందని వాపోయే చాలా కేసుల్లో దొంగ ఇదే. బుష్‌లు మార్చి, గ్రీజు పెట్టి, చేత్తో తిప్పితే వేలితో కదలాలి.

డయాఫ్రం వేళ్ల కొసలకు గ్రీజు రాయమని కంపెనీ చెబితేనే రాయండి. లైనింగ్, ఫ్లైవీల్ ముఖం దరిదాపుల్లోకి గ్రీజు అంటిన చెయ్యి కూడా రాకూడదు. ఈ దశ దాటాక చేతులు కడుక్కుని, కొత్త గుడ్డ తీసుకుని తర్వాతి పనికి వెళ్లాలి.

బిగించడం

పాత, కొత్త భాగాలు పక్కపక్కన పెట్టి చివరిసారి పోల్చండి. వ్యాసం, స్ప్లైన్ పళ్లు, హబ్ ఎత్తు, వేళ్ల ఎత్తు, బేరింగ్ మందం చూసుకోండి. ఒక్కటి తేడా ఉన్నా ఆగి, దుకాణానికి వెళ్లండి.

ఫ్లైవీల్ బోల్టులు ఒక్కసారికే పనికొచ్చేవైతే కొత్తవి వేయండి. థ్రెడ్‌లాకర్ అవసరమా, ఎంత టార్క్ అన్నది మాన్యువల్ ప్రకారం. ఎదురెదురుగా బిగించాలి.

ప్లేట్ మీద ఏ వైపు ఫ్లైవీల్‌కు, ఏ వైపు గేర్‌బాక్స్‌కు అని అచ్చు ఉంటుంది. అచ్చు కనిపించకపోతే సాధారణంగా స్ప్రింగులతో ఉబ్బెత్తుగా ఉన్న హబ్ గేర్‌బాక్స్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే క్లచ్ విడిపోదు, అంతా మళ్లీ విప్పాలి. అలైన్‌మెంట్ టూల్ పెట్టి, ప్రెషర్ ప్లేట్‌ను డోవెల్ పిన్నుల (సరైన చోటు కుదిర్చే పిన్నులు) మీద కూర్చోబెట్టి, అన్ని బోల్టులూ చేత్తో తిప్పండి. ఆ తర్వాత ఎదురెదురు బోల్టులను సగం చుట్టు చొప్పున, నాలుగైదు దఫాల్లో దగ్గరకు తీసుకురండి. ఒక బోల్టును పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే కవర్ వంగుతుంది. ఆ వంకర కంటికి కనిపించదు కానీ బండి ఎత్తిన ప్రతిసారీ కాళ్లకు తెలుస్తుంది. చివరి టార్క్ చాలా చిన్న కార్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. దాటి బిగిస్తే ఫ్లైవీల్ మరలు పోతాయి. సెల్ఫ్ అడ్జస్టింగ్ (అరుగుదలకు తగ్గట్టు తానే సర్దుకునే) రకం ప్రెషర్ ప్లేట్ అయితే ప్రత్యేక టూల్ లేకుండా బిగించకండి.

గేర్‌బాక్స్ ఎక్కించే ముందు ఇంజిన్ వైపు డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయా చూడండి. ఇవి దించేటప్పుడు గేర్‌బాక్స్ హౌసింగ్‌తో పాటు ఊడి కింద పడిపోతుంటాయి. లేకుండా బిగిస్తే గేర్‌బాక్స్ వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది, హబ్ స్ప్రింగులు విరుగుతాయి.

జాకీ మీద గేర్‌బాక్స్‌ను ఇంజిన్ కోణానికి సమంగా ఉంచి నెట్టండి. స్ప్లైన్ ఎక్కకపోతే గేర్ వేసి డ్రైవ్ షాఫ్ట్ వైపు నుంచి కొద్దిగా తిప్పండి. చివరి వేలు మందం దాకా అది చేతి బలంతోనే రావాలి. సందు మూసుకోకపోతే బోల్టులతో లాక్కోకండి. ఏదో అడ్డుపడుతోందని అర్థం: వైరు ఇరుక్కుని ఉండొచ్చు, లేదా ప్లేట్ మధ్యకు రాలేదు. బోల్టుతో లాగితే పగిలేది హౌసింగ్ చెవే.

డ్రైవ్ షాఫ్ట్ దూర్చేటప్పుడు కొత్త సీల్ పెదవికి గేర్ ఆయిల్ రాసి, క్లిక్‌మని వినిపించేదాకా నెట్టండి. ఆ తర్వాత గేర్ ఆయిల్‌ను లెవెల్ రంధ్రం దాకా, కారు సమంగా ఉన్నప్పుడు పోయండి. బాల్ జాయింట్ నట్, మౌంట్లు బండి చక్రాల మీద నిలబడ్డాక టార్క్ చేయడం మేలు.

కేబుల్, హైడ్రాలిక్

కొత్త కేబుల్‌ను పాతది పోయిన దారిలోనే, మలుపులు మెత్తగా ఉండేలా తీసుకెళ్లండి. లోపల టెఫ్లాన్ గొట్టం ఉన్న కేబుళ్లకు ఆయిల్ పోయకూడదు, దుమ్ము చేరి బిగుస్తుంది. గేర్‌బాక్స్ దగ్గర లివర్‌కు 2 నుంచి 4 మి.మీ. ఆట ఉండేలా నట్ సర్దండి. పెడల్ దగ్గర అది సుమారు 15 నుంచి 30 మి.మీ. ఫ్రీ ప్లేగా తెలుస్తుంది. తక్కువైతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ వేళ్లకు ఆని తిరుగుతూ అరుగుతుంది. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడిపోదు.

లోపలే స్లేవ్ సిలిండర్ ఉండే కార్లలో గేర్‌బాక్స్ బిగించేదాకా పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటకు దూకి సీల్ పోతుంది. బ్లీడింగ్ (పైపులోని గాలి తీయడం) ఇద్దరు కలిసి చేసే పని. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు నిపుల్ తెరిచి బుడగలు పోగానే మూస్తారు, అప్పుడే పెడల్ వదలాలి. చాలా కార్లలో బ్రేక్‌కూ క్లచ్‌కూ ఒకే రిజర్వాయర్, మట్టం తగ్గిపోతే బ్రేకులోకి కూడా గాలి వెళ్తుంది. తెరిచి ఉంచిన పాత ఫ్లూయిడ్ సీసా వాడకండి, అది గాల్లోని తేమ పీల్చుకుని ఉంటుంది.

రోడ్డు మీదకు

ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పెడల్ పదిసార్లు తొక్కి వదలండి. స్టార్ట్ చేసి, రివర్స్ పడుతుందా, శబ్దం ఉందా చూడండి. తర్వాత ఖాళీ వీధిలో మొదటి గేర్‌లో నెమ్మదిగా ఎత్తండి. కొద్ది సేపు లైనింగ్ కొత్త వాసన రావడం మామూలే. కాలిన వాసన ఆగకుండా వస్తే ఫ్రీ ప్లే మళ్లీ చూడండి.

మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లో మెల్లగా నడపండి. ఎక్కువ లోడు, వేరే బండిని లాగడం, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం వద్దు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినా, బేస్‌మెంట్ ర్యాంపు మీద ఆగినా హ్యాండ్ బ్రేక్ వేయండి. ఆ 500 తర్వాత ఫ్రీ ప్లే ఒకసారి కొలవండి, కొత్త లైనింగ్ సర్దుకునేకొద్దీ అది తగ్గుతుంది. రాత్రంతా కారు కింద తెల్లటి అట్ట పరిచి, పొద్దున బెల్‌హౌసింగ్ అతుకు కిందా, యాక్సిల్ సీళ్ల కిందా చుక్కలు పడ్డాయేమో చూడండి. పడితే ఆ అట్ట పట్టుకుని గ్యారేజీకి వెళ్లండి, రంగూ వాసనా చూసి ఏ సీలో అక్కడే తేల్చవచ్చు.